ఈ పాపప్ ఎవరు పంపుతున్నారు? యాడ్‌వేర్‌ను కనిపెట్టి వదిలించుకునే పద్ధతి

కంప్యూటర్ తెర కింద, కుడి మూలన ఒక ఎర్ర పెట్టె పైకి లేస్తుంది. "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి" అంటుంది. మూసేస్తే ఇంకొకటి వస్తుంది. ఆ వెనకే రమ్మీ ఆట, దాని వెనక అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే ప్రకటన. ఈ దశలో చాలామంది వైరస్‌లు తీసేసే సాఫ్ట్‌వేర్ కోసం వెతికి, మొదట కనిపించినదాన్ని దించుకుంటారు. యాడ్‌వేర్ (మనకు తెలియకుండా దూరి ప్రకటనలు చూపించే సాఫ్ట్‌వేర్) తయారుచేసేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. శుభ్రం చేస్తామని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో కొన్ని స్వయంగా యాడ్‌వేరే.

అందుకని ఏదీ దించుకోకముందు, ఏదీ తీసేయకముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. ఈ ప్రకటనను చూపిస్తున్నది ఎవరు? మీరు తెరిచిన వెబ్‌సైటా, ఎప్పుడో అనుమతి ఇచ్చి మరిచిపోయిన వెబ్‌సైటా, బ్రౌజర్‌కు అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాము, అంటే ఎక్స్‌టెన్షనా, కంప్యూటర్‌లో దూరిన ప్రోగ్రామా, ఇంట్లోని వైఫై రూటరా? జవాబును బట్టి చేయాల్సిన పని మారిపోతుంది. జవాబు తెలియకుండా కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించినా సమస్య తిరిగి రావచ్చు. ఎలాగో కింద చెబుతాను.

ముందు ఆ భయపెట్టే పేజీని మూయండి

తెరంతా ఆక్రమించి, సైరన్ మోగిస్తూ, మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోను నంబరు చూపించే పేజీలు ఉన్నాయి. అవి వైరస్‌లు కావు, మామూలు వెబ్ పేజీలే. తెర నిండా పరుచుకున్నాయి కాబట్టి మూసే గుర్తు కనబడదు, అంతే. ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే పేజీ మామూలు పరిమాణానికి వస్తుంది. రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ పేరు మీద "ఎండ్ టాస్క్" ఇవ్వండి. మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు పాత పేజీలను తిరిగి తెరవమంటారా అని అడిగితే ఒప్పుకోకండి. ఒప్పుకుంటే అదే పేజీ మళ్లీ వస్తుంది.

మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎక్కడా ఫోను నంబరు ఇవ్వదు. నంబరు ఉందంటే మోసమే, ఇంకో పరీక్ష అక్కర్లేదు. ఇప్పటికే ఫోను చేసి, వాళ్లు చెప్పినట్టు దూరం నుంచి మన తెరను చూసే సాఫ్ట్‌వేర్ పెట్టుకొని ఉంటే, వెంటనే ఇంటర్నెట్ ఆపేసి దాన్ని తీసేయండి. మరో పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే భారత్‌లో 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఎవరు చూపిస్తున్నారో తేల్చే పరీక్షలు

ప్రకటన బ్రౌజర్ కిటికీకి బయట, తెర అంచున వస్తోందా? బ్రౌజర్ మూసి ఉన్నా వస్తోందా? అయితే అది దాదాపు ఎప్పుడూ ఏదో సైటు పంపే నోటిఫికేషనే. విండోస్‌లో క్రోమ్‌ను మూసినా అది వెనక పని చేస్తూ ఉండగలదు, అందుకే ఈ అయోమయం.

ఒకే సైటు తెరిచినప్పుడు వస్తోందా? అది ఆ సైటు సొంతంగా పెట్టుకున్న ప్రకటన. పైరసీ సినిమాల సైట్లు, క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం ఉచితంగా చూపిస్తామనే సైట్లు దీనికి పెట్టింది పేరు. ప్లే గుర్తు మీద నొక్కితే వీడియోకు బదులు కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది. మీ కంప్యూటర్‌లో తీసేయడానికి ఏమీ లేదు. అటు వెళ్లడం మానేయండి.

ఏ సైటు తెరిచినా ప్రకటనలు పుట్టుకొస్తున్నాయా? గూగుల్‌లో వెతికితే పేరు తెలియని ఇంకేదో సెర్చ్ ఇంజన్‌కు తీసుకుపోతోందా? అప్పుడు అదే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ (హిస్టరీ మిగల్చని ప్రైవేటు కిటికీ) తెరిచి చూడండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పని చేయవు. అక్కడ ప్రకటనలు మాయమైతే దొంగ ఎక్స్‌టెన్షన్లలో ఉన్నట్టే. అక్కడా వస్తే వేరే బ్రౌజర్‌లో చూడండి. అన్ని బ్రౌజర్లలోనూ వస్తే కంప్యూటర్‌లోని ప్రోగ్రామునో, నెట్‌వర్క్‌నో అనుమానించాలి. ఆ రెండింటిలో ఏదో తేల్చడం సులువు. ఇంటి వైఫై వదిలేసి, ఫోను హాట్‌స్పాట్‌తో అదే కంప్యూటర్‌ను కలపండి. ప్రకటనలు ఆగిపోతే తప్పు రూటర్‌ది.

నోటిఫికేషన్లు: మనమే తెరిచిన తలుపు

నన్ను పిలిచి "వైరస్ వచ్చింది, చూడండి" అనే ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆ ఎర్ర పెట్టెను మూసేయకుండా దగ్గరగా చూడండి. పైన పెద్ద అక్షరాల్లో ఏదో ప్రసిద్ధ యాంటీవైరస్ పేరు, గుర్తు ఉంటాయి. కానీ దాని మీదో కిందో చిన్న బూడిద రంగు అక్షరాల్లో "గూగుల్ క్రోమ్" అనీ, పక్కన అర్థంపర్థం లేని అక్షరాలు, అంకెలతో ఒక సైటు చిరునామా అనీ ఉంటాయి. నిజమైన యాంటీవైరస్ క్రోమ్ ద్వారా కబురు పంపదు. ఆ చిరునామాయే మీకు కావలసిన ఆధారం. కాగితం మీద రాసుకోండి.

సైట్లు బ్రౌజర్ ద్వారా నోటిఫికేషన్లు పంపే సదుపాయం క్రోమ్‌లో 2015లో వచ్చింది. వార్తలకు, మెయిల్‌కు ఉపయోగపడాలని పెట్టినదాన్ని ప్రకటనలవాళ్లు పట్టుకున్నారు. "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అనుమతించు నొక్కండి", "వీడియో చూడటానికి అనుమతించు నొక్కండి" అని రాస్తారు. మనం నొక్కేది నోటిఫికేషన్లకు అనుమతి.

తీసేసే దారి ఇది. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ", అందులో "సైట్ సెట్టింగ్స్", అందులో "నోటిఫికేషన్స్"కు వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కింద కనబడుతుంది. పేరు గుర్తులేని ప్రతి సైటు పక్కన మూడు చుక్కలు నొక్కి "బ్లాక్" ఇవ్వండి. "రిమూవ్" కన్నా ఇదే మంచిది. రిమూవ్ చేస్తే ఆ సైటు మళ్లీ అనుమతి అడగగలదు, బ్లాక్ చేస్తే అడగలేదు. ఎడ్జ్‌లో ఇదే జాబితా సైట్ పర్మిషన్స్ కింద ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ పేజీలో కిందికి వెళ్తే "పర్మిషన్స్" అనే భాగం కనిపిస్తుంది.

నా సలహా అడిగితే, అదే పేజీ పైభాగంలో సైట్లు అసలు అనుమతి అడగకుండా ఆపే ఎంపికను పెట్టేయండి. బ్రౌజర్ ద్వారా నోటిఫికేషన్ తప్పనిసరిగా కావలసిన సైట్లు సామాన్యుడికి ఒకటో రెండో ఉంటాయి, చాలామందికి అవీ ఉండవు.

రోబో పేరుతోనే 2024 నుంచి ఇంతకన్నా ప్రమాదకరమైన ఎత్తుగడ ఒకటి బాగా ప్రబలింది. మీరు మనిషే అని తేల్చుకోవడానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వి నొక్కి ఎంటర్ కొట్టండి అంటుంది. ఆ పేజీ మీకు తెలియకుండా ఒక ఆదేశాన్ని కాపీ చేసి ఉంచుతుంది, మీ చేతే దాన్ని నడిపిస్తుంది. ఏ నిజమైన పరీక్షా కీబోర్డు మీద అలాంటి పని చెప్పదు. చేసేసి ఉంటే దాన్ని పాపప్ సమస్యగా చూడకండి. ఇంటర్నెట్ ఆపి, పూర్తి స్కాన్ చేసి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి.

ఎక్స్‌టెన్షన్లు: ఒకప్పటి మంచివాళ్లు కూడా

క్రోమ్ మూడు చుక్కల్లోనే "ఎక్స్‌టెన్షన్స్", అందులో "మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్" తెరవండి. పీడీఎఫ్‌ను మార్చేవి, వీడియోలు దించేవి, కూపన్లు వెతికేవి, కొత్త ట్యాబ్‌కు అందమైన బొమ్మలు పెట్టేవి, "సెర్చ్" అన్న మాట పేరులో ఉన్నవి ముందు అనుమానించాల్సినవి. ఒక్కొక్కదాని వివరాలు తెరిచి, అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్నీ చదివి మార్చే అనుమతి దానికి ఉందేమో చూడండి. బొమ్మలు మార్చే ఎక్స్‌టెన్షన్‌కు మీ బ్యాంకు పేజీని చదివే అవసరం ఏముంది?

అన్నింటినీ ఒకేసారి ఆపేయండి. ప్రకటనలు ఆగాయేమో చూసి, ఒక్కొక్కటే తిరిగి నడపండి. దేనితో ప్రకటన తిరిగి వచ్చిందో దాన్ని తీసేయండి.

"ఇది నేనే ఏళ్ల కిందట పెట్టుకున్నాను, మంచిదే" అనే మాట నమ్మకండి. ఎక్స్‌టెన్షన్లు చేతులు మారుతుంటాయి. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే "ది గ్రేట్ సస్పెండర్" అనే ఎక్స్‌టెన్షన్‌ను లక్షలాది మంది వాడేవారు. దాన్ని తయారుచేసిన వ్యక్తి 2020లో వేరేవాళ్లకు అప్పగించారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ అందులో హానికరమైన కోడ్ ఉందని తొలగించింది. వాడేవాళ్లు తమవైపు నుంచి ఏ తప్పూ చేయలేదు. అప్‌డేట్ దానంతట అదే వచ్చింది.

ఇక ఫార్మాట్ సంగతి. తెలిసినవారింట్లో ఒక ల్యాప్‌టాప్‌ను దుకాణంలో ఇచ్చి, డబ్బు కట్టి, మొత్తం తుడిచేసి విండోస్ కొత్తగా వేయించారు. ఇంటికి తెచ్చి క్రోమ్‌లో గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యారు. సాయంత్రానికల్లా అదే సెర్చ్ పేజీ. "అంతా తీసేశామన్నారు కదండీ, మళ్లీ ఎలా వచ్చింది?" అని ఆ ఇంటాయన నన్ను అడిగారు. క్రోమ్ సింక్ తెచ్చింది. బుక్‌మార్కులతో పాటు ఎక్స్‌టెన్షన్లు కూడా ఖాతాలో భద్రంగా ఉంటాయి, లాగిన్ కాగానే వాటంతట అవే దిగుతాయి. కాబట్టి ఎక్స్‌టెన్షన్‌ను తీసేటప్పుడు సింక్ నడుస్తూ ఉండాలి, అప్పుడే ఖాతాలో నుంచి కూడా పోతుంది. అదే ఖాతా ఇంకో కంప్యూటర్‌లో ఉంటే అక్కడా చూడాలి.

కొన్ని ఎక్స్‌టెన్షన్లకు తీసేసే బటనే ఉండదు, "అడ్మినిస్ట్రేటర్ పెట్టారు" అని రాసి ఉంటుంది. మూడు చుక్కల మెనూ అడుగున మీ బ్రౌజర్‌ను సంస్థ నిర్వహిస్తోందనీ ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అది సహజం, ముట్టుకోకుండా ఐటీ విభాగానికి చెప్పండి. సొంత కంప్యూటర్ అయితే యాడ్‌వేర్ దాన్ని పెట్టి ఉండవచ్చు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇలాంటి విధానాలు పెడతాయి కాబట్టి వెంటనే నిర్ధారణకు రావద్దు. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో క్రోమ్://పాలసీ అని టైపు చేస్తే ఏ విధానాలు అమల్లో ఉన్నాయో కనబడతాయి. ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా పెట్టే "ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్" అక్కడ ఉంటే కింద చెప్పే స్కాన్‌తో తీయించండి. విండోస్ లోపలి సెట్టింగులన్నీ ఉండే రిజిస్ట్రీలో చేత్తో తీసేయవచ్చు గానీ, అలవాటు లేనివారు అందులోకి వెళ్లకపోవడమే క్షేమం.

కంప్యూటర్‌లో దూరిన ప్రోగ్రాములు

విండోస్ సెట్టింగ్స్‌లో "యాప్స్", అందులో "ఇన్‌స్టాల్డ్ యాప్స్" తెరిచి, జాబితాను తేదీ ప్రకారం అమర్చండి. ప్రకటనలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తు తెచ్చుకొని, ఆ రోజుల్లో వచ్చినవాటిని చూడండి. ఒకే రోజున మూడు నాలుగు తెలియని పేర్లు వరుసగా ఉంటే అవన్నీ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మూటగా వచ్చినవే. తీసేసేటప్పుడు "నిజంగా తీసేస్తారా", "ఉంచుకుంటే తగ్గింపు ఇస్తాం" అంటూ బటన్లను తారుమారు చేస్తాయి. చదివి నొక్కండి.

ఈ మూటల వ్యాపారం ఎంత పెద్దదో 2017లో బయటపడ్డ ఫైర్‌బాల్ అనే యాడ్‌వేర్ చూపించింది. బీజింగ్‌కు చెందిన రఫోటెక్ అనే మార్కెటింగ్ సంస్థ తన ఉచిత సాఫ్ట్‌వేర్లతో పాటు దాన్ని జనం కంప్యూటర్లలోకి పంపి, హోం పేజీలను, సెర్చ్ ఇంజన్లను మార్చేసింది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్ల కంప్యూటర్లకు అది సోకిందనీ, అందులో భారత్‌వే రెండున్నర కోట్లు, అన్ని దేశాలకన్నా ఎక్కువ అనీ చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ లెక్క కట్టింది. ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పినదని మైక్రోసాఫ్ట్ అన్నది. కొత్త కంప్యూటర్ అయినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. 2014లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది.

ప్రోగ్రామును తీసేశాక కూడా బ్రౌజర్ తెరవగానే అదే సైటు వస్తుంటే, డెస్క్‌టాప్ మీది క్రోమ్ గుర్తును చూడండి. దాని మీద కుడి క్లిక్ చేసి "ప్రాపర్టీస్" తెరిస్తే "టార్గెట్" అనే పెట్టెలో పొడుగాటి వరస ఉంటుంది. అది క్రోమ్.ఈఎక్స్‌ఈ అన్న మాటతో, ఆ తర్వాత ఒక కొటేషన్ గుర్తుతో ముగియాలి. కర్సర్‌ను చివరిదాకా జరిపి చూడండి, తోక కనబడకుండా దాక్కుంటుంది. కొటేషన్ తర్వాత ఏదైనా వెబ్ చిరునామా తగిలించి ఉంటే దాన్ని చెరిపేయండి. ప్రొఫైల్ పేరు చెప్పే భాగం ఉంటే అది మామూలుదే. టాస్క్‌బార్ మీది గుర్తును తీసేసి కొత్తగా పెట్టుకోండి.

గంటకోసారో, కంప్యూటర్ ఆన్ చేయగానేనో బ్రౌజర్ దానంతట అదే తెరుచుకుంటుంటే టాస్క్ మేనేజర్‌లోని "స్టార్టప్ యాప్స్"లోనూ, చెప్పిన సమయానికి పనులు నడిపే "టాస్క్ షెడ్యూలర్"లోనూ వెతకాలి. షెడ్యూలర్‌లో ఒక్కొక్క పనికి "యాక్షన్స్" అనే భాగం ఉంటుంది. అక్కడ బ్రౌజర్ పేరు, పక్కన వెబ్ చిరునామా కనిపిస్తే ఆ పనిని ఆపేయండి.

స్కాన్

పాత వ్యాసాల్లో క్రోమ్ సెట్టింగ్స్‌లోనే "క్లీన్ అప్ కంప్యూటర్" ఉందని చదివి వెతుక్కునేవాళ్లు ఇంకా ఉన్నారు. గూగుల్ దాన్ని 2023లో తీసేసింది, వెతకకండి.

విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ చాలు, కానీ ఒక స్విచ్ చూసుకోవాలి. "విండోస్ సెక్యూరిటీ"లో "యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్", అందులో "రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్" తెరవండి. అనవసర యాప్‌లను ఆపే ఎంపిక అక్కడ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. తర్వాత ఫుల్ స్కాన్ చేయండి. మొండి సరుకు అయితే ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి యాడ్‌వేర్‌కు దాక్కునే వీలుండదు.

ఇంకో కన్ను కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ సంస్థవారి యాడ్‌వ్‌క్లీనర్ ఉచితం, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. ఆ సంస్థ సొంత సైటు నుంచే తీసుకోవాలి. సెర్చ్‌లో అన్నింటికన్నా పైన "స్పాన్సర్డ్" అని వచ్చే లింకుల నుంచి వద్దు. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత స్కానర్లు దొరుకుతాయి.

అన్నీ అయ్యాక, చివర్లో మాత్రమే, బ్రౌజర్‌ను రీసెట్ చేయండి. క్రోమ్‌లో "రీసెట్ సెట్టింగ్స్" ఇస్తే హోం పేజీ, సెర్చ్ ఇంజన్ మొదటి స్థితికి వస్తాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు పోతాయి. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు, హిస్టరీ అలాగే ఉంటాయి, భయపడక్కర్లేదు. ముందే రీసెట్ చేస్తే లోపల ఉన్న ప్రోగ్రాము వెంటనే అన్నింటినీ తిరిగి మార్చేస్తుంది.

ఫోనులో అయితే

ఆండ్రాయిడ్ ఫోనులో నోటిఫికేషన్ ప్రకటనను వేలితో నొక్కి పట్టుకోండి, పంపుతున్న యాప్ పేరు కనబడుతుంది. క్రోమ్ అయితే పైన చెప్పినట్టే సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి.

ఏ యాప్ తెరవకుండానే, లాక్ తీయగానే తెరంతా ప్రకటన వస్తే అది మీరు పెట్టుకున్న ఏదో యాప్ పనే. టార్చ్‌లైట్, క్యూఆర్ కోడ్ స్కానర్, ఫోను శుభ్రం చేసే యాప్, వాల్‌పేపర్లు తరచుగా దొరికే దొంగలు. ప్లే స్టోర్ నుంచి తీసుకున్నంత మాత్రాన మంచిదని కాదు. ఇలాంటి ప్రకటనల కారణంగానే గూగుల్ 2020 ఫిబ్రవరిలో దాదాపు 600 యాప్‌లను ఒక్కసారిగా తీసేసింది. ప్రకటన తెర మీద ఉండగానే ఇటీవలి యాప్‌లను చూపించే బటన్ నొక్కండి. ఆ ప్రకటన కార్డు మీద ఉన్న గుర్తే దాన్ని చూపిస్తున్న యాప్‌ది. గుర్తు ఖాళీగా ఉంటే సెట్టింగ్స్‌లోని యాప్‌ల పూర్తి జాబితాలో పేరు లేనిది, గుర్తు లేనిది వెతకండి. ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి ఎవరెవరికి ఉందో కూడా "స్పెషల్ యాప్ యాక్సెస్"లో చూసి, అక్కర్లేనివాటికి తీసేయండి.

తీసేయనివ్వకుండా మొరాయిస్తే అది డివైస్ అడ్మిన్ అనుమతి తీసుకొని ఉంటుంది. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఆ అనుమతి రద్దు చేశాకే అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. ప్రకటనల ధాటికి సెట్టింగ్స్ దాకా వెళ్లలేకపోతే ఫోనును సేఫ్ మోడ్‌లో తెరవండి. చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే ఆ ఎంపిక వస్తుంది. బయటి యాప్‌లు అందులో నడవవు. పని పూర్తయ్యాక ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ చేయండి.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వచ్చిన ఏపీకే ఫైలును (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను పెట్టే ఫైలు) పెట్టుకొని ఉంటే మాత్రం అది యాడ్‌వేర్ స్థాయి దాటిన వ్యవహారం. అవి ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు కాజేసే రకం. సిమ్ తీసి, బ్యాంకుకు, 1930కి చెప్పి, ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే దారి.

ఐఫోనులో పాపప్‌ల గొడవ తక్కువ. కానీ "మీ ఐఫోనుకు రక్షణ లేదు" అనే హెచ్చరికలు క్యాలెండర్ నుంచి వస్తుంటే తెలియకుండా ఒక క్యాలెండర్‌కు చందాదారులైనట్టు. క్యాలెండర్ యాప్ కింద "క్యాలెండర్స్" నొక్కి, తెలియని పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కి అన్‌సబ్‌స్క్రైబ్ చేయండి.

రూటరు, ఆ తర్వాత

ఇంట్లో అన్ని పరికరాల్లోనూ ప్రకటనలు వస్తుంటే రూటర్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయాలి. కనెక్షన్ వివరాలు ముందే ఇంటర్నెట్ ఇచ్చేవారి దగ్గర తీసుకోండి, లేకపోతే నెట్ రాదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చండి, అది మారకపోతే రీసెట్ చేసీ లాభం లేదు.

శుభ్రం అయ్యాక ఒక యాడ్ బ్లాకర్ పెట్టుకోవడం తప్పు కాదు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో పని చేస్తుంది. క్రోమ్‌లో కొత్త నియమాల వల్ల పాతది ఆగిపోయింది, దాని తేలికపాటి రూపం యూబ్లాక్ ఆరిజిన్ లైట్ దొరుకుతుంది. పేరు పోలిన నకిలీలు ఉన్నాయి కాబట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఆండ్రాయిడ్ 9, ఆ పైన ఉన్న ఫోన్లలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని "ప్రైవేట్ డీఎన్‌ఎస్"గా, ప్రకటనలను ఆపే యాడ్‌గార్డ్ సేవ చిరునామా పెట్టుకుంటే యాప్‌లలోని ప్రకటనలు కూడా చాలావరకు తగ్గుతాయి. యూట్యూబ్ ప్రకటనలు తగ్గవు. రైల్వే స్టేషన్ వైఫై లాంటి చోట్ల లాగిన్ పేజీ రాకపోతే ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను కాసేపు ఆపాలి.

అన్నీ చేసినా పోకపోతే ఫైళ్లు బయట దాచుకొని విండోస్‌ను రీసెట్ చేయండి. అప్పుడు మాత్రం క్రోమ్‌లో లాగిన్ కాకముందే, ఖాతా ఉన్న ఇంకో కంప్యూటర్‌లో ఎక్స్‌టెన్షన్ల జాబితాను శుభ్రం చేసి ఉంచండి. ఇంకో కంప్యూటర్ లేకపోతే, కొత్తగా లాగిన్ అయ్యేటప్పుడు సింక్ సెట్టింగ్స్‌లో "ఎక్స్‌టెన్షన్స్" ఎదురుగా ఉన్న స్విచ్‌ను ఆపేసి మిగతావి తెచ్చుకోండి.